షెడ్ పేరు చెరిగిపోయిన ఇంజన్లు

సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడి వచ్చే ఇంజన్లను గమనిస్తే, ప్రతిదాని పక్కన నంబరుతో పాటు దాని షెడ్ (ఇంజన్లను చూసుకునే, బాగుచేసే చోటు) పేరు కూడా రాసి ఉంటుంది. లాలాగూడ అనో, కాజీపేట అనో, విజయవాడ అనో. ఆ ఇంజన్ ఢిల్లీ దాకా వెళ్లొచ్చినా, దారిలో ఇంకో షెడ్ వాళ్లు చిన్న చిన్న రిపేర్లు చేసి పంపినా, దాని మంచిచెడ్డలు చూసుకోవాల్సింది సొంత షెడ్డే. ఎక్కడైనా మొరాయిస్తే ఎవరిని అడగాలో ఆ రెండు మూడు అక్షరాలే చెబుతాయి.

అదే ఇంజన్‌ని ఎవరో నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని కంప్యూటర్లో తయారుచేస్తారు. రైలు సిమ్యులేటర్లో, అంటే కంప్యూటర్లో రైలు నడిపే ఆటలో, నడుపుకోవడానికి. అది ఒక స్నేహితుడికి వెళ్తుంది, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుకి, అక్కడి నుంచి టెలిగ్రామ్‌కి, చివరికి మెట్టుగూడలోనో మౌలాలిలోనో ఉండే ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లోకి జిప్ ఫైలుగా దిగుతుంది. ఫైలు పేరు చూస్తే 'కొత్త వ్యాప్7 ఫైనల్ 2'. లోపల రీడ్‌మీ (వివరాలు రాసే చిన్న ఫైలు) లేదు, చేసినవాళ్ల పేరు లేదు, ఏ వెర్షన్‌దో తెలియదు. నడపబోతే క్యాబ్ (డ్రైవర్ గది) కనిపించదు, హారన్ మోగదు. ఎవరిని అడగాలి? షెడ్ పేరు చెరిగిపోయింది కాబట్టి అడగడానికి ఎవరూ లేరు. మన దగ్గర మోడళ్ల పంపకంలో ఉన్న అసలు సమస్య ఇదే, మిగతా గొడవలన్నీ దీని చుట్టూ పుట్టినవే.

ఇది ఎందుకిలా తయారైందో తెలియాలంటే ముందు ఒక ఇంజన్ మోడల్ అంటే ఏమిటో విప్పి చూడాలి. బయటివాళ్లు అది ఒక ఫైలు అనుకుంటారు, కానీ అది ఒక ఫోల్డరు, అందులో వేర్వేరు మనుషుల కష్టం ఉంటుంది. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ పెట్టిన పద్ధతే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు, ఎందుకంటే ఆ ఫైళ్లన్నిటినీ చదవగలిగే ఓపెన్ రెయిల్స్ అనే ఉచిత సిమ్యులేటర్ ఆ తర్వాత వచ్చింది, 2015లో దాని 1.0 వెర్షన్ విడుదలైంది. ఈ పద్ధతిలో ఇంజన్ ఆకారం ఒక ఫైలు, దాని మీద అంటించే రంగుల బొమ్మలు కొన్ని ఫైళ్లు, శబ్దాలు వేరు, క్యాబ్ లోపలి దృశ్యం వేరు. వీటన్నిటినీ కలిపి, ఇంజన్ బరువెంత, బలమెంత, బ్రేకు ఎలా పడుతుంది అన్నీ అంకెల్లో చెప్పే ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది, దాన్ని వాడుకలో ఎంగ్ ఫైల్ అంటారు. ఆకారం ఒకరు చేసి ఉండొచ్చు, రంగులు ఇంకొకరు వేసి ఉండొచ్చు, శబ్దం మూడోవాళ్లు ఏదో స్టేషన్ చివర నిలబడి రికార్డు చేసుకొచ్చి ఉండొచ్చు. ఫోల్డరు ఒకటే అయినా దాని వెనక పేర్లు నాలుగైదు.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది, చాలామందికి ఇది తెలియకే తిట్టుకుంటారు. ఆ పాత సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన ఇంజన్లలో మన దేశానివి ఒక్కటీ లేవు. అమెరికా డాష్-9, జీపీ-38, అసేలా, ఇంగ్లండ్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, జపాన్ రైళ్లు, ఇలా ఉండేవి. మనవాళ్లు ఆల్కో అనే మన పాత డీజిల్ ఇంజన్ ఆకారం ఎంత కష్టపడి చేసుకున్నా, దానికి క్యాబ్, శబ్దం కూడా తయారుచేయడం ఇంకో పెద్ద పని. అప్పుడు సులువు దారి ఏమిటంటే, ఎంగ్ ఫైల్లో ఒక లైను మార్చి, 'క్యాబ్ కావాలంటే పక్కన ఉన్న డాష్-9 ఫోల్డరులో చూసుకో' అని రాయడం. దీన్నే ఏలియాసింగ్ అంటారు. డాష్-9 ఫైళ్లను కాపీ చేసి జిప్‌లో పెట్టి పంచితే అది సిమ్యులేటర్ కంపెనీ సొత్తును పంచినట్టు అవుతుంది, తప్పు. దారి మాత్రం చూపిస్తే తప్పు లేదు, ఎందుకంటే డబ్బు పెట్టి సిమ్యులేటర్ కొన్న ప్రతివాళ్ల దగ్గరా ఆ ఫోల్డరు ఎలాగూ ఉంటుంది. నిజాయితీగా పంచుకోవడానికి కనిపెట్టిన పద్ధతి ఇది, గౌరవించాల్సిన పద్ధతి.

కానీ కాలం మారింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు ఆ పాత సీడీ కొననే లేదు, నేరుగా ఓపెన్ రెయిల్స్ దించుకుంటారు, అందులో డాష్-9 ఫోల్డరు ఉండదు. దాంతో ఆ మోడల్ చూపించే దారి ఎక్కడికీ పోదు. మోడల్ పాడైపోయిందని, చేసినవాడికి పని రాదని అనేస్తారు. నిజానికి మోడల్‌కి ఏమీ కాలేదు, 'ఇది నడవాలంటే ఫలానా ఫోల్డరు మీ దగ్గర ఉండాలి' అని చెప్పే ఒక్క పేరా రీడ్‌మీ దారిలో ఎక్కడో రాలిపోయింది, అంతే. జిప్ సైజు తగ్గిద్దామని ఎవరో తీసేసి ఉంటారు, లేదా అనవసరం అనుకుని ఉంటారు. ఆ నాలుగు కిలోబైట్ల టెక్స్ట్ పోవడం వల్ల నెలల పని పనికిరాకుండా పోతుంది, ఇది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇదే సమస్యని ట్రెయిన్జ్ వేరేలా పరిష్కరించింది. ఆస్ట్రేలియాలోని ఆరన్ కంపెనీ చేసిన ఆ సిమ్యులేటర్ కూడా 2001లోనే వచ్చింది. అందులో ప్రతి వస్తువుకీ, అది ఇంజన్ కానీ చెట్టు కానీ సిగ్నల్ స్తంభం కానీ, కుయిడ్ అనే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలో మొదటి భాగం తయారుచేసిన మనిషిది, రెండో భాగం ఆ వస్తువుది, తర్వాత వచ్చిన కుయిడ్2 పద్ధతిలో వెర్షన్ కూడా కలిసింది. అంటే షెడ్ పేరు ఇంజన్ మీద రంగుతో రాసినట్టు కాదు, ఇనుములోనే పోతపోసినట్టు. ఇది నడవాలంటే ఇంకా ఏమేం కావాలో ఆ జాబితా కూడా వస్తువు లోపలే ఉంటుంది, ఏది లేదో సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. దానివల్ల ట్రెయిన్జ్‌లో తలనొప్పులు లేవని కాదు, ఒక్క రూటు (పట్టాలు, స్టేషన్లతో ఉన్న దారి) వేసుకుంటే 'దొరకనివి' అని పెద్ద లిస్టు వస్తుంది, కానీ కనీసం ఏది దొరకలేదో, అది ఎవరిదో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో గుర్తింపు అంటే ఫోల్డరు పేరే. ఇద్దరు వేర్వేరుగా వ్యాప్7 అనే పేరుతో ఫోల్డరు పెడితే రెండోది మొదటిదాని మీద పడి దాన్ని తినేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. అందుకే ఫోల్డరు పేరులోనే చేసినవాళ్ల పొట్టిపేరు కలిపి పెట్టడం మంచి అలవాటు. చిన్న పనే, కానీ చాలా గొడవలు తప్పుతాయి.

ఇక హైదరాబాద్ వైపు నుంచి చూస్తే, ఇక్కడి రైల్‌ఫ్యాన్లకి కావాల్సిన ఇంజన్ ఏదైనా ఒకటి ఉందంటే అది లాలాగూడ షెడ్ వ్యాప్-7 కరెంటు ఇంజన్. తెల్ల రంగు, నడుమ ఎర్ర పట్టీ, పక్కన షెడ్ పేరు. ఇది నిజంగా కొత్తగా పుట్టిన ఇంజన్ కాదు, గూడ్స్ లాగే వ్యాగ్-9 ఇంజన్‌కే గేర్ల నిష్పత్తి మార్చి ప్రయాణికుల రైళ్ల కోసం చేసినది. బాడీ దాదాపు ఒకటే, బరువు 123 టన్నులే. దీనివల్ల మోడల్ చేసేవాళ్లకి ఒక సుఖం ఉంది. ఎవరైనా మంచి వ్యాగ్-9 చేసి ఉంటే దానికి రంగులు మార్చి వ్యాప్-7 చేసేయొచ్చు. ఇలా రంగులు మార్చడాన్ని రీస్కిన్ అంటారు, గ్రూపుల్లో తిరిగే మోడళ్లలో ఎక్కువ భాగం ఇవే.

అయితే రంగులు మార్చినంత మాత్రాన ఇంజన్ మారదు. వ్యాగ్-9 కదిలేటప్పుడు లాగే బలం 458 కిలోన్యూటన్లు, వ్యాప్-7ది 322 పైచిలుకు, ఎందుకంటే గేర్ మార్చినప్పుడు వేగం పెరిగి లాగే బలం తగ్గింది. వ్యాగ్-9 వేగం గంటకు 100 కిలోమీటర్లకి ఆగితే వ్యాప్-7 ఇంకా పైకి వెళ్తుంది. రీస్కిన్ చేసినవాళ్లు బొమ్మలు మార్చి ఎంగ్ ఫైల్‌ని అలాగే వదిలేస్తే, తెల్లటి వ్యాప్-7 సికింద్రాబాద్ నుంచి గూడ్స్ ఇంజన్‌లా దూకి బయల్దేరి, కాజీపేట దాకా ఉన్న 132 కిలోమీటర్లలో ఎక్కడా 100 దాటదు. ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది, యూనిట్లది. మన పుస్తకాల్లో ఇంజన్ శక్తిని హార్స్‌పవర్లో రాస్తారు, వ్యాప్-7ది 6350 హార్స్‌పవర్, అంటే సుమారు 4735 కిలోవాట్లు. ఎంగ్ ఫైల్లో అంకె పక్కన యూనిట్ రాయకుండా వదిలేసినా, హార్స్‌పవర్ అంకె వేసి కిలోవాట్లని రాసినా ఇంజన్ తిక్కతిక్కగా నడుస్తుంది. ఒకళ్లు చేసిన తప్పు రీస్కిన్ మీద రీస్కిన్‌గా పది ఇంజన్లలోకి పాకుతుంది. మొదటి మనిషి ఎవరో తెలిస్తే అతనికి చెప్పి సరిచేయించవచ్చు, అందరూ కొత్తది దించుకోవచ్చు. పేరు లేని మోడల్లో తప్పు దొరికినా ఉపయోగం లేదు, చెప్పేందుకు మనిషి లేడు. పేరు ఉండాలనడం గొప్ప కోసం అని కొందరు అనుకుంటారు కానీ, పేరు అసలు అవసరం రిపేరు కోసం.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, మనకి మాత్రమే వచ్చే తిప్పలు ఇవి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్లో పట్టాలు 1435. మనవాళ్లు ఇంజన్‌ని కొలతలు తప్పకుండా చేస్తే చక్రాలు ఒక్కో వైపు 12 సెంటీమీటర్లు పట్టా బయటికి వచ్చి గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాయి. కొందరు చక్రాలను లోపలికి నొక్కి సరిపెట్టారు, కొందరు పట్టాలనే వెడల్పుగా కొత్తగా చేశారు. రెండూ సరైన దారులే, కానీ ఒకరి ఇంజన్ ఇంకొకరి పట్టాల మీద పెడితే అసహ్యంగా ఉంటుంది. ఏ పట్టాల కోసం చేశారో ఒక్క లైనులో రాసి ఉంటే సరిపోయేది. పెట్టెల విషయంలోనూ అంతే. పాత ఐసీఎఫ్ పెట్టె, కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవులు వేరు, కప్లింగ్ కూడా వేరు, అవి తెలియకుండా కలిపితే పెట్టెల మధ్య సందులు కనిపిస్తాయి.

ఇప్పుడు హక్కుల విషయం. 'ఫ్రీగా ఇచ్చాడు కదా, మనం ఏం చేసుకుంటే ఏంటి' అనే మాట చాలా వినిపిస్తుంది, ఇది పూర్తిగా తప్పు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం ఒక బొమ్మ వేసినా ప్రోగ్రాం రాసినా హక్కు దానంతట అదే పుడుతుంది, రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. ఉచితంగా ఇవ్వడం అంటే వాడుకోమని ఇవ్వడం, హక్కు వదులుకోవడం కాదు. అదే చట్టంలో 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ఇది నేను చేసిందే అని చెప్పుకునే హక్కు, దాన్ని తన పేరు చెడేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు, హక్కులు వేరేవాళ్లకి రాసిచ్చేసిన తర్వాత కూడా సృష్టించిన మనిషికే ఉంటాయి. ఓపెన్ రెయిల్స్ ప్రోగ్రాం జీపీఎల్ అనే, ఎవరైనా వాడి మార్చి పంచుకోవచ్చనే లైసెన్సు మీద ఉంది కాబట్టి అందులో నడిచే మోడళ్లు కూడా అందరి సొత్తే అని ఇంకో అపోహ. లైసెన్సు ప్రోగ్రాంకే, దాని మీద నడిచే ఇంజన్‌కి కాదు. సినిమా హాలు ప్రభుత్వానిదైతే అందులో ఆడే సినిమా కూడా ప్రభుత్వానిది అయిపోదు కదా.

రీస్కిన్‌కి అనుమతి అడగాలా అంటే, అడగాలి. చాలామంది మోడలర్లు రీడ్‌మీలోనే రాసిపెడతారు, రంగులు మార్చుకోవచ్చు కానీ నా పేరు ఉంచండి, అమ్మొద్దు, వేరే చోట ఎక్కించొద్దు అని. ఇందులో ఆఖరిది కొందరికి కోపం తెప్పిస్తుంది, పదిమందికి చేరితే మంచిదే కదా అంటారు. కానీ మోడలర్ వైపు నుంచి ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. మోడల్ ఒకే చోట ఉంటే తప్పు సరిదిద్ది కొత్త వెర్షన్ పెట్టగానే అందరికీ అందుతుంది. ఇరవై చోట్ల కాపీలు ఉంటే పాత తప్పుల వెర్షన్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది, దాని గురించిన ఫిర్యాదులు మాత్రం అతనికే వస్తాయి. ఫోటోల విషయం కూడా మర్చిపోతారు. ఇంజన్ పక్కగోడ మీద ఉన్న దుమ్ము, తుప్పు, నంబరు ప్లేటు నిజంగా కనిపించాలని నెట్‌లో దొరికిన ఫోటో తెచ్చి అంటిస్తారు. ఆ ఫోటో తీసింది కూడా ఒక రైల్‌ఫ్యానే, ఎండలో నిలబడి తీసి ఉంటాడు. ఒక మాట అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

డబ్బుకి అమ్మే మోడళ్లని దొంగచాటుగా పంచడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది దొంగతనం. ఇంకా ఘోరం ఏమిటంటే ఉచితంగా ఇచ్చిన మోడళ్లను నాలుగైదు కలిపి 'ప్యాక్' అని పేరు పెట్టి ఫోన్‌పేలో డబ్బులు తీసుకుని అమ్మడం. ఇది చూసిన మంచి మోడలర్లు ఇంజన్లు బయటపెట్టడం మానేసి నలుగురు స్నేహితుల మధ్యే ఉంచుకుంటారు, నష్టపోయేది కొత్తగా వచ్చే పిల్లలే.

శబ్దం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పంచుకోవడం ఎంత విలువైనదో అక్కడే బాగా తెలుస్తుంది. వ్యాప్-7 లాంటి త్రీఫేజ్ కరెంటు ఇంజన్ కదిలేటప్పుడు వచ్చే సన్నటి ఈల లాంటి కూత వేరు, అమెరికా ఈఎండీ కంపెనీ రకం డీజిల్ ఇంజన్ మోత వేరు, పాత ఆల్కో వేరు. ఈఎండీది రెండు స్ట్రోకుల ఇంజన్, ఆల్కోది నాలుగు స్ట్రోకులది, 16 సిలిండర్లు. ఆల్కో ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు చేసే ఆ గుడుగుడు, నాచ్ (ఇంజన్ శక్తి మెట్టు) పెంచగానే నల్లపొగ వదులుతూ గొంతు మార్చే తీరు, రైలు కట్ట పక్కన పెరిగినవాళ్లకి నిద్రలో వినిపించినా గుర్తుపడతారు. ఆల్కో రకమైన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది, దాన్నే 2600 హార్స్‌పవర్ నుంచి 3100కి పెంచి డబ్ల్యూడీఎం-3ఏ చేశారు. కాజీపేట డీజిల్ షెడ్‌లో, మౌలాలి షెడ్‌లో ఈ మోతలు దశాబ్దాల పాటు వినిపించాయి. ఇప్పుడు లైన్లన్నీ కరెంటువి అయిపోయాయి, ఆల్కోలు ఒక్కొక్కటిగా తుక్కు కింద పోతున్నాయి. అంటే పదేళ్ల కిందట ఎవరో మామూలు రికార్డర్‌తో పట్టి, మోడల్‌తో పాటు పంచిన శబ్దాన్ని ఇవాళ మళ్లీ వెళ్లి పట్టలేం.

అలాంటి శబ్దాల ఫోల్డరులో ఎప్పుడు, ఎక్కడ, ఏ ఇంజన్‌ది రికార్డు చేశారో రాసి ఉంటే అది ఒక చరిత్ర కాగితంతో సమానం. రాసి లేకపోతే అది ఏదో ఒక డీజిల్ మోత, అంతకుమించి ఏమీ కాదు. కొత్తగా రికార్డు చేయాలనుకునే పిల్లలకి ఒక మాట. ప్లాట్‌ఫాం చివర నుంచి, లెవల్ క్రాసింగ్ బయట నుంచి చేసుకోండి, షెడ్ లోపలికి అనుమతి లేకుండా వెళ్లొద్దు, పట్టాల మీద అసలే వద్దు. రైల్వే చట్టం 1989, 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. జైలు సంగతి అటుంచితే, కరెంటు ఇంజన్ వెనక నుంచి వచ్చేటప్పుడు పెద్దగా చప్పుడు చేయదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ చూసుకునే మనిషికి అది అసలు వినిపించదు.

మరి జిప్ చేసేముందు ఏం చేయాలి? పెద్ద పనేమీ లేదు. మీ పేరు, మీకు ఆకారం, రంగు, శబ్దం, క్యాబ్ ఇచ్చినవాళ్ల పేర్లు, వెర్షన్, తేదీ, వేరే ఏ ఫోల్డర్లు ఉండాలో, ఏ పట్టాల కోసం చేశారో, ఇతరులు ఏం చేయొచ్చు ఏం చేయకూడదు, తప్పులుంటే ఎక్కడ చెప్పాలి. ఇవి రాయండి, తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్ రాదని రీడ్‌మీ మానేసేవాళ్లు ఉన్నారు, ఆ అవసరం లేదు. ఎంగ్ ఫైల్ మార్చినప్పుడు మాత్రం యూనికోడ్‌లో సేవ్ చేయండి, పాత సిమ్యులేటర్ దాన్నే చదువుతుంది, మామూలు టెక్స్ట్‌గా సేవ్ చేసి పంపితే మీ దగ్గర ఓపెన్ రెయిల్స్‌లో నడిచిన ఇంజన్ పాత సిమ్యులేటర్ ఉన్నవాళ్ల దగ్గర మొండికేస్తుంది. ఇంకోటి, మీ కంప్యూటర్లో నడిచింది కాబట్టి అందరి దగ్గరా నడుస్తుందని అనుకోవద్దు, ఎందుకంటే మీ దగ్గర ఏళ్లుగా పోగైన ఫోల్డర్లు ఉన్నాయి. కొత్తగా, ఖాళీగా ఒక ఇన్‌స్టాలేషన్ పెట్టుకుని అందులో వేసి చూస్తే ఏది తక్కువైందో అప్పుడే బయటపడుతుంది. ఒక గంట పని, దాన్ని ఎగ్గొట్టడం వల్ల వందమంది తలా ఒక సాయంత్రం పాడుచేసుకుంటారు.

చేసిన మనిషి ఎక్కడున్నాడో తెలియని పాత మోడళ్ల సంగతి నిజంగా కష్టమైనదే. మెయిల్ పనిచేయదు, సైటు మూతపడింది, మనిషి ఉద్యోగం వచ్చి ఇంకో ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. చట్టం ప్రకారం హక్కు మాత్రం బతికే ఉంటుంది, మనిషి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. అలాంటి మోడల్‌ని మార్చకుండా, ఉన్నదున్నట్టు, పాత రీడ్‌మీతో సహా దాచి ఉంచడమే సరైన పని అనిపిస్తుంది. మార్పు తప్పనిసరైతే మార్పులను వేరే చిన్న ఫైలుగా ఇవ్వొచ్చు, అసలుది ఎవరికి వాళ్లు వేరుగా తెచ్చుకుంటారు, దాని మీద ఈ చిన్న ఫైలు వేసుకుంటారు. అలా చేస్తే అసలు మనిషి ఎప్పుడో ఒకరోజు తిరిగొచ్చి చూసుకున్నా, తన ఇంజన్ తన పేరుతోనే ఉంటుంది, పక్కన దాన్ని బాగుచేసినవాళ్ల పేరు కూడా కనిపిస్తుంది.